గుండెలో హోరు

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్లు
1936 జూలై 12

మంగకు,

నువ్వు క్షేమంగా చేరినట్టు మీ అన్నయ్య శంకరరావు కార్డు రాశాడు. "చెల్లి నీరసముగా యున్నది, బెంగ వలదు" అని ఒక్క ముక్క. పోర్టు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసీ చేసీ చెల్లెలి గురించి కూడా ఆఫీసు కాగితంలాగే రాయడం అలవాటైపోయింది ఆయనకు.

నిన్నెందుకు పంపించానో ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. "పిల్లల్లేరని ఒదిలీసినాడు" అని తార్‌బహార్ పేట ఆడవాళ్లు అనుకుంటున్నారట. అనుకోనీ. నీకు మాత్రం అర్థం కావాలి. మనుషులు తెలియనిదానికి భయపడతారు, తెలిస్తే జాగ్రత్తపడతారు. నేను ఇన్నాళ్లూ లోకంతో పోట్లాడుతున్నది ఈ ఒక్క మాట కోసమే.

పిడికిలి బిగించి చూడు. నీ గుండె అంతే ఉంటుంది. రొమ్ము ఎముక వెనక, కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. కవులు దాన్ని పువ్వన్నారు, పురోహితులు గుడి అన్నారు. కోసి చూసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అది కండ. లోపల నాలుగు గదులు. పై రెండూ పల్చటి గోడలవి, వచ్చిన నెత్తుటిని పుచ్చుకుంటాయి. కింది రెండూ మందపు గోడలవి, తోస్తాయి. ఒళ్లంతా తిరిగి నల్లబడిన నెత్తురు కుడివైపుకు వస్తుంది, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకు పోతుంది. గాలి తగిలి ఎర్రబడి ఎడమవైపుకు తిరిగి వస్తుంది. ఎడమ గది దాన్ని నడినెత్తి నుంచి కాలిగోటి దాకా తోయాలి. అందుకే దాని గోడ అంత మందం.

గదికీ గదికీ నడుమ తలుపులున్నాయి. పల్చటి పొరలు. ఒకవైపే తెరుచుకుంటాయి. నెత్తురు ముందుకు సాగగానే టప్పున మూసుకుంటాయి. మనం వినే లబ్‌డబ్ ఆ మూసుకునే చప్పుడే. ఇంజను సిలిండరు దగ్గర వాల్వు చేసేదీ ఈ పనే. వాల్వు అరిగితే ఆవిరి సందులోంచి జారిపోతూ బుస్సుమంటుంది. లోకో షెడ్డులో ఫిట్టరు మేస్త్రీని, పాతికేళ్లుగా ఆ బుస వింటున్నవాణ్ణి. స్టేషను వంతెన మెట్ల మీద నువ్వు కూలబడిన రోజు, పత్రికను గొట్టంలా చుట్టి నీ రొమ్ము మీద ఆనించి వింటే, లబ్‌కూ డబ్‌కూ మధ్య ఆ బుసే వినిపించింది. నీ గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు. ఇంజనైతే విప్పి వాల్వు మార్చేవాణ్ణి. నిన్ను విప్పలేను. బరువు తగ్గించడం ఒక్కటే దారి. బిందె ఎత్తకు. మెట్లెక్కకు. పొయ్యి ఊదకు. పడుకో.

డాక్టరుకు చూపించరేమని మన ఫైర్‌మన్ నూకరాజు అడిగాడు. మగ డాక్టరును నువ్వు దగ్గరికి రానివ్వవు. రానిచ్చినా వాడు చెప్పేది ఇదే.

ఆదినారాయణ


విశాఖపట్నం, అల్లిపురం
ఆగస్టు 3

శ్రీవారికి మంగాయమ్మ రాయునది.

"పాదపద్మములకు నమస్కారములు" అన్న ముక్క పెళ్లయిన కొత్తలోనే మీరు కొట్టేశారు. దాని బదులు ఏం రాయాలో చెప్పలేదు. అందుకని పైన కాస్త ఖాళీగా ఉంది.

గదులూ తలుపులూ అర్థమయ్యాయి. అర్థమయ్యాక నిద్ర పోయింది. ఎడమ పక్కకు ఒత్తిగిలితే తలగడలోంచి చప్పుడు వినిపిస్తుంది. ఇదివరకు ఆ చప్పుడే జోకొట్టేది. ఇప్పుడు ఒక్కొక్కసారీ తలుపు పడిందా లేదా అని కాపలా కాస్తున్నాను. తుమ్మొస్తే ఆపుకుంటున్నాను.

నడవలో మంచం వేశారు. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ పడుకుంటే నేనూ ఈ చప్పుడూ మిగులుతాం. మొన్న రేవులో ఓడ కూత వేస్తే మన షెడ్డు కూతనుకుని, మీకు క్యారేజీ కట్టాలని లేవబోయాను. కాళ్లు కింద పెట్టాక గుర్తొచ్చింది ఎక్కడున్నానో.

మా వదిన అప్పలనర్సమ్మ సంగతి మీకు తెలుసుగా. గుమ్మంలో నిలబడి, "ఏటమ్మీ, మీ ఆయన నిన్ను మంచానికి కట్టీసి పంపినాడేటి?" అంటుంది. గుండె జబ్బు వదినా అన్నాను. "గుండె జబ్బోలు అలగ నవ్వుతారేటే? పెరుగమ్మే అసిరమ్మ మాటలకి నిన్న పడీ పడీ నవ్వినావు!" అంది. నవ్వకూడదని నాకు తట్టనే లేదు. నవ్వితే ఆ తలుపుకు ఏమైనా అవుతుందా? అమ్మవారికి పసుపునీళ్ల ముర్రాటలు పోస్తానని వదిన మొక్కింది. మీకు కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను.

రోగినని నాకే ముందు అన్నం పెడుతున్నారు. మొదట్లో సిగ్గేసి ముద్ద దిగలేదు.

ఒక సంగతి అడుగుతాను. ఆ పై గదుల్లో ఎప్పుడూ నెత్తురు ఉంటుందా, ఎప్పుడైనా ఉత్తగా ఉండిపోతాయా?

మంగాయమ్మ


బిలాస్‌పూర్
సెప్టెంబరు 6

మంగకు,

పసుపునీళ్లు! అమ్మవారికి పోసిన నీళ్లు నీ ఎడమ గది తలుపు దాకా ఏ దారిన వెళతాయో మీ వదినను అడుగు. బొమ్మ గీసి చూపించమను. ఈ దేశంలో ప్రతి ఇంట్లో ఒక అప్పలనర్సమ్మ ఉంది కనకనే మనం ఇలా ఉన్నాం. మొక్కు తీర్చినా సరే, ఆ కుండ నీ చేత మోయించవద్దను.

నీ ప్రశ్నకు జవాబు. ఏ గదీ పూర్తిగా ఉత్తదవదు. ఎంత తోసినా అడుగున కొంత మిగులుతుంది. అయితే ఇంతకంటే వింత ఇంకొకటి ఉంది, విను. నాలుగు గదుల నిండా నెత్తురున్నా గుండె తన ఆహారం అక్కడినుంచి తీసుకోదు. ఎడమ గదిలోంచి బయలుదేరిన పెద్దనాళంలో మొట్టమొదటి కొమ్మలు రెండు వెనక్కి తిరిగి గుండె మీదికే వస్తాయి. కాళ్లూ చేతులూ మెదడూ అన్నీ ఆ తర్వాతే. ముందు తనకు, తర్వాత ఒంటికి. అది స్వార్థం కాదు, కట్టడి. తాను పస్తుంటే ఇంకెవరినీ పోషించలేదు. ఆ కొమ్మల్లోకి నెత్తురు బాగా దిగేది కూడా గుండె బిగుసుకున్నప్పుడు కాదు, సడలినప్పుడు. అంటే ప్రతి దెబ్బకూ దెబ్బకూ మధ్య అది కాస్త ఆగుతుంది, ఆగినప్పుడే తింటుంది.

ఇదంతా మన రీడింగ్ రూములో చెప్పాను. విశ్రాంతి లేని డ్యూటీ ప్రకృతికే విరుద్ధమని రుజువు చేశాను. చప్పట్లు కొట్టారు. ఫైర్‌మన్ నూకరాజు లేచి, "అచ్ఛా! అయితే మేస్త్రీగారూ, గుండెకి కూడా యూనియనుందన్నమాట!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి నీకు చెబుదామని తలుపు తీశాను.

ఆదివారం సభలు మన ఇంట్లో ఆగిపోయాయి. నువ్వు లేక వంట లేదు, వంట లేక సభ్యులు లేరు. స్టేషనెదురు హోటల్లో తింటున్నాను. రుచి సంగతి అడగకు.

లేవకు. నవ్వినా పర్వాలేదు గాని మెల్లగా నవ్వు.

ఆదినారాయణ


విశాఖపట్నం
అక్టోబరు 9

శ్రీవారికి,

మీ ఉత్తరం వదినకు చదివి వినిపించాను. బొమ్మ గీయడం తనకు రాదంది.

నేను బాగానే ఉన్నాను. మందు తాగుతున్నాను. ఒక్క మాట ఖాయంగా రాయండి. బుస వినిపించిందంటే తలుపు చెడినట్టేనా? తలుపు బాగుండి కూడా బుస రావచ్చునా?

ఇంతే సంగతులు.

మంగాయమ్మ


బిలాస్‌పూర్
అక్టోబరు 18

మంగకు,

రాదు. బాగున్న వాల్వు బుసకొట్టదు. కారణం లేనిదే కార్యం లేదు. ఆడవాళ్లకు ధైర్యం చెప్పడానికి నాటువైద్యులు వంద కబుర్లు చెబుతారు, నమ్మకు. ఆ మందేమిటి? ఎవడిచ్చాడు? సీసా మీద పేరు రాసి పంపు.

బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. నువ్వు ఇక బిలాస్‌పూర్ రాకుండా ఉండడమే మంచిది. ఇక్కడ కుళాయి దూరం, స్టేషనుకు పోవాలంటే మెట్లు, వేసవి వస్తే నిప్పుల ఎండ. నువ్వొస్తే ఊరికే కూర్చోవు, ఆ సంగతి నాకు తెలుసు. మీ అన్నయ్యకు నెల నెలా ఖర్చులు పంపుతాను. సెలవు దొరికినప్పుడు నేను వచ్చి చూస్తాను. అందరూ నన్ను కఠినుడంటారు. కానీ అరిగిన ఇంజనుకు బండి తగిలించడం దయ కాదు.

సాయంత్రాలు కష్టంగా ఉంటున్నాయి. ఆ గొడవ నీకెందుకులే.

ఆదినారాయణ


విశాఖపట్నం
నవంబరు 11

పైన ఏం రాయాలో ఇవాళ వెతుక్కోదలచుకోలేదు.

బాగున్న తలుపుకు బుస రాదన్నారు మీరు. వస్తుంది. నేను అడిగేనాటికే ఆసుపత్రికి వెళ్లొచ్చాను. మీకు తెలియనిదంటూ ఒకటుంటే ఎలా జవాబిస్తారో చూద్దామని అడిగాను. నన్ను ఇక్కడే ఉంచేస్తారని మాత్రం అనుకోలేదు.

తీసుకెళ్లింది వదినే. "అమ్మోరికి మొక్కడం అయ్యింది. ఇప్పుడు డాకటరమ్మకి కూడా మొక్కీద్దాం, నడు" అని జట్కా పిలిచింది. కదలకూడదు వదినా అన్నాను. "మీ ఆయన కన్నా మా అమ్మోరే నయం. ఏదేనా సెయ్యమంటాది గానీ కదలొద్దని అనదు" అంది. బండివాడు కూడా నవ్వాడు.

డాక్టరమ్మది ఈ దేశం కాదు, ముక్కలు ముక్కలుగా తెలుగు మాట్లాడుతుంది. ఆవిడ ముందు గుండె వినలేదు. కింది కనురెప్ప లాగి చూసింది. గోళ్లు చూసింది. నాలుక చూసింది. ఆ తర్వాతే గొట్టం పెట్టి, ముందూ వెనకా చాలాసేపు వింది. "మట్టి తింటావా?" అని అడిగింది.

వదిన నా మొహంలోకి చూసింది. తింటానని చెప్పాను. మీకు తెలియదు. మన పొయ్యిగట్టు ఎడమ మూల ఎప్పుడూ అరిగిపోయి ఉండేది. ఎలుకలనుకుని మీరు బోను తెచ్చి పెట్టారు. ఆ ఎలుకను నేనే.

"అన్నం ఎప్పుడు తింటావు?" అంది. అందరూ తిన్నాక అన్నాను. "ఇంట్లో ఎంతమంది?" అంటే, మేమిద్దరమే అన్నాను. "ఇద్దరైతే, ఈ అందరూ ఎవరమ్మా?" అంది.

వేళ్లు మడుస్తూ లెక్క చెప్పాను. నూకరాజు, చిన్నారావు, డ్యూటీ దిగి దారిలో ఆగేవాళ్లు, ఆదివారం సభకొచ్చేవాళ్లు. వాళ్లందరూ మంచివాళ్లే. అడుగున మిగిలినదాంట్లో గంజి పోసుకుని తాగేదాన్ని. కొన్నాళ్లకు ఆకలి కూడా మానేసింది, మట్టి మీదికే పోయేది మనసు.

గుండెకు ఏమీ లేదట. తలుపులన్నీ బాగున్నాయట. నెత్తురు పల్చబడిపోయింది. చెప్పుల్లేకుండా కుళాయి బురదలో నడిస్తే కడుపులో పురుగులు చేరతాయట, ఉన్న కాస్త నెత్తుటిలో అవి తాగినంత తాగాయి. మరి ఆ చప్పుడేమిటి అని మీ తరఫున నేనే పోట్లాడాను. డాక్టరమ్మ చెప్పింది వదినకు అర్థం కాకపోతే నేనే విడమరిచి చెప్పాను. చిక్కటి గంజి వంచితే చప్పుడు చెయ్యదు. నీళ్లు వంచితే గలగలమంటాయి. పాత్ర అదే, మూతి అదే. పల్చటి నెత్తుటిని గుండె తొందర తొందరగా తోసుకోవాలి, అది బాగున్న తలుపులోంచి పోతూ కూడా హోరుపెడుతుంది. డాక్టరమ్మ నా భుజం తట్టి, "నువ్వు చెప్పిందే బాగుంది" అంది.

పురుగుల మందు ఇచ్చింది. ఇనుము కలిపిన మందు ఇచ్చింది. తాగితే నాలుక మీద మీ చొక్కా వాసన వేస్తుంది.

మీరు చప్పుడు విన్నారు. నా మొహం చూడలేదు. తెల్లగా పాలిపోయానని పెరుగు అసిరమ్మ కూడా అంది. ముందు తనకు, తర్వాత ఒంటికి అన్నారు. ఆ మాట సభలో చెప్పారు, ఉత్తరంలో రాశారు. పద్నాలుగేళ్లు వంటింటి తలుపు వెనక కూచుని మీ సభలన్నీ విన్నాను. అప్పుడెప్పుడైనా ఆ మాట లోపలికొచ్చి చెప్పి ఉంటే ఒక ముద్ద ముందు తినేదాన్ని.

మంగాయమ్మ


బిలాస్‌పూర్
నవంబరు 24

మంగకు,

నీకు ప్రాణభయం లేదన్నందుకు సంతోషం. మిగతాది ఒప్పుకోను.

డాక్టరమ్మ వైద్యం చెప్పాలి. నా వంటింటి మీద తీర్పు చెప్పమని ఆవిణ్ణి ఎవరడిగారు? నేనెన్నడైనా నిన్ను తినవద్దన్నానా? కొత్తలో కలిసి కూర్చుందాం రమ్మంటే కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పారిపోయింది నువ్వు కాదా? మీ అమ్మ నీకు నేర్పింది, వాళ్లమ్మ ఆవిడకు నేర్పింది. అది వేల ఏళ్ల సంఘం చేసిన నేరం, ఒక్క ఆదినారాయణది కాదు. స్త్రీల హక్కుల గురించి ఈ ఊరి తెలుగువాళ్లలో మొదట నోరెత్తిందెవరు? మంగ్లా గ్రామం నుంచి కూడా జనం నడిచివచ్చి విన్నారు. నువ్వూ విన్నానంటున్నావు. విని కూడా ముందు తినకపోవడం ఎవరి తప్పు?

గంజి వేరు, ఆవిరి వేరు. వాల్వు సంగతి నాకు చెప్పవద్దు. ఆవిణ్ణి కాగితం మీద రాసి పంపమను, నేను జవాబిస్తాను.

ఎలుకల బోను పొయ్యి పక్కనే ఉంది. ఇన్నాళ్లుగా అందులో ఒక్కటీ పడకపోతే ఎందుకు పడలేదని నేనెప్పుడూ...

ఆదినారాయణ


బిలాస్‌పూర్
1937 జనవరి 18

మంగకు,

నువ్వు జవాబు రాయలేదు. రాయనక్కరలేదు. ఇది విను.

నిన్న ఆదివారం మళ్లీ మన ఇంట్లో సభ పెట్టాను. నేనే వండాను. అన్నం, పప్పు, వంకాయ కూర. విస్తళ్లు వేసి నేను కూడా ఒక మూల కూర్చోబోయాను. ఒకడు పప్పన్నాడు, ఒకడు నీళ్లన్నాడు. వడ్డించేవాడికి కూర్చునే వీలుండదని నాకు తెలియదు. చిన్నారావు "మీరూ కూసోండి మేస్త్రీగారూ, ఏటిది!" అని నోటితో అంటూనే చేత్తో విస్తరి ముందుకు జరిపాడు. వాణ్ణి తిట్టలేదు. నేనూ అలాగే జరిపేవాణ్ణి గదా.

వాళ్లు లేచాక చూస్తే కుండలో అడుగంటిన మాడు, పప్పుగిన్నె అంచున కాస్త తడి ఉన్నాయి. అదే తిన్నాను. నడవలో వాళ్లు స్త్రీ స్వాతంత్ర్యం మీద వాదన మొదలుపెట్టారు. మా మాటలు తలుపు వెనకనుంచి ఎలా ఉంటాయో ఈ వయసులో మొదటిసారి విన్నాను. గొంతులు చాలా పెద్దవి.

పల్చటి నెత్తుటి సంగతి ఇంగ్లీషు పుస్తకం తెప్పించి చదివాను. ఉంది. ఆవిడ చెప్పినట్టే ఉంది. ఇన్నేళ్లుగా ఇంజన్లు విప్పినవాణ్ణి, మనిషిని కూడా విప్పకుండానే చదివేశాననుకున్నాను.

రైలు పాసు పంపుతున్నాను. వచ్చెయ్యి. కుళాయి నీళ్లు నేను తెస్తాను.

ఆదినారాయణ


విశాఖపట్నం
ఫిబ్రవరి 14

మీకు,

పాసు అందింది. వంకాయ కూరలో ఉప్పెక్కువైందా అని వదిన అడగమంది.

సముద్రం దాకా నడిచి వెళ్లి రాగలుగుతున్నాను. ఊపిరి అందుతోంది. గోళ్లు ఎర్రబడ్డాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మకు మన పల్లెటూరి ఆడవాళ్ల మాట అర్థం కాకపోతే నాకు కబురు పెడుతుంది. నేను వెళ్లి అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెప్పి వస్తున్నాను. వాళ్లలో చాలామందికి అదే చప్పుడు. మట్టి తింటావా అంటే ముందు అందరూ తలొంచుకుంటారు. నేనూ తిన్నానని చెబితే తల ఎత్తుతారు.

వస్తాను అని రాయడానికే కూచున్నాను. చెయ్యి ఇంకోటి రాస్తోంది.

పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. అన్నం అయిందా, చొక్కా ఏది, కూత వేసిందా. లెక్కేస్తే మన మాటలు ఇవే. మీరు చెడ్డవారని అనడం లేదు. బయట అంత మాట్లాడి వచ్చాక ఇంట్లో మాట్లాడడానికి ఏమీ మిగిలేది కాదేమో. ఈ కొద్ది నెలల్లో మీరు నాకు రాసినన్ని మాటలు నా బతుకులో ఎవరూ నాతో చెప్పలేదు. భయపెట్టిన ఉత్తరాన్ని కూడా మళ్లీ మళ్లీ చదువుకున్నాను. పోస్టువాడు వీధి మొదట్లో కనబడితే లేవకూడదని తెలిసీ లేచి కూచునేదాన్ని.

గుండెలో రోగముందనుకున్నారు కనక నాతో మాట్లాడారు. ఇప్పుడు ఏ రోగమూ లేదని తేలింది. ఇక ఏం మాట్లాడతారు?

ఇది తగాదా కాదు. నిజంగానే అడుగుతున్నాను.

మంగ


బిలాస్‌పూర్
ఫిబ్రవరి 23

మంగా,

నీ ఉత్తరానికి జవాబు చాలాసార్లు మొదలుపెట్టాను. అన్నీ ఉపన్యాసాలయ్యాయి. చించేశాను.

ఉప్పు ఎక్కువే అయింది.

ఈ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి రాకుండా అర్పా నది ఒడ్డుకు నడిచాను. నీళ్లు బాగా తగ్గిపోయాయి. ఇసుకలో ఎవరో దోసపాదులు పెట్టారు. పాదు పాదుకూ చుట్టూ ముళ్లకంప కట్టి, ఒక ముసలమ్మ లోటాతో నీళ్లు పోస్తోంది. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ సంగతి నీకు చెప్పాలనిపించింది. దీనివల్ల రుజువయ్యేదేమీ లేదు.

ఆ పాసు నువ్వు వాడకు. సెలవు పెట్టాను. శనివారం బండికి బయలుదేరి రాయపూర్‌లో మారి నేనే వస్తున్నాను. నిన్ను తీసుకువెళ్లడానికని మీ అన్నయ్యతో చెప్పకు. మీ నడవలో కాసేపు కూర్చుంటాను, నువ్వూ కూర్చో.

ఏం మాట్లాడాలో ఆలోచించుకోలేదు.

ఆదినారాయణ